క్యాడ్ నేర్చినా డ్రాయింగ్ చదవడం రాకపోతే: హొసూరు తెలుగు పిల్లల సాంకేతిక చదువుపై ఒక పరిశీలన

గత నెల మా తెలుగు సంఘం కార్యవర్గ సమావేశంలో ఒక దాత రాసిన ఉత్తరం చర్చకు వచ్చింది. సంఘ భవనంలో పది కంప్యూటర్లు పెట్టి మన పిల్లలకు క్యాడ్ క్లాసులు నడిపితే, ఖర్చంతా తానే భరిస్తానని ఆయన రాశారు. క్యాడ్ అంటే కంప్యూటరు మీద ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే విద్య. యంత్రాల భాగాలు, ఇళ్ల ప్లాన్లు, పైపు లైన్లు ఇప్పుడు అన్నీ దాని మీదే తయారవుతున్నాయి. మామూలుగా ఇలాంటి ఉత్తరం వస్తే చప్పట్లు కొట్టి, కృతజ్ఞతలు చెప్పి, తీర్మానం రాసేస్తాం. ఈసారి రాయలేకపోయాం. మూడేళ్ల కిందట మేము చేసిన తప్పొకటి అడ్డు వచ్చింది.

అప్పట్లో ఊళ్లోని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం వారు మా దగ్గరికి వచ్చారు. తెలుగు పిల్లలకు ఫీజులో రాయితీ ఇస్తామన్నారు. తమ కరపత్రం మీద సంఘం పేరు వేసుకోవడానికి అనుమతి అడిగారు. ఇచ్చాం. 'మూడు నెలల్లో క్యాడ్, ఉద్యోగం గ్యారంటీ' అని పెద్ద అక్షరాలతో ఉన్న ఆ కాగితం బాగలూరు, బేరికై, తళి వైపు పల్లెల దాకా వెళ్లింది. మాకు తెలిసి పదకొండు మంది మన పిల్లలు చేరారు. ఈ రోజు వారిలో ఇద్దరే డ్రాయింగ్ పనిలో ఉన్నారు. మిగతావారిలో కొందరు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీలుగా, కొందరు డెలివరీ పనుల్లో ఉన్నారు.

ఆ పదకొండు మందిలో ఒక అబ్బాయి తండ్రి సిప్‌కాట్‌లోని చిన్న యూనిట్‌లో వెల్డర్. భార్య మెడలోని గొలుసు కుదువ పెట్టి ఫీజు కట్టాడు. కొడుకు ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: సాఫ్ట్‌వేర్ తెలుసు గానీ డ్రాయింగ్ తెలియదన్నారని. ఆ తండ్రి మా మీద కోపగించుకోలేదు. ఒక ఆదివారం సంఘం మెట్ల మీద కూర్చొని, "మీ సంగం పేరు జూసే చేర్చినాను సామీ, లేకుంటే చేర్చేవాణ్ణి కాదు" అన్నాడు. తిట్టి ఉంటే ఏదో ఒకటి సమాధానం చెప్పేవాళ్లం. ఆ మాటకు మాత్రం ఈ రోజుకీ మా దగ్గర సమాధానం లేదు.

అందుకే ఈసారి తీర్మానం రాసే ముందు, అసలు ఈ చదువు ఏమిటి, ఎక్కడ చదవాలి, మనలాంటి వారికి అందులో ఉన్న చిక్కులేమిటి అని తెలుసుకొనే పని పెట్టుకున్నాం. తెలిసింది ఇక్కడ రాస్తున్నాం. మన పోర్టల్ చదివే సోలాపూర్, బళ్లారి, రాయగడ, యానాం తెలుగువారికి కూడా ఇందులో పనికొచ్చేది ఉంటుందని అనుకుంటున్నాం.

హొసూరులో ఈ ప్రశ్న ఎందుకు?

హొసూరు ఒకప్పుడు రాగులు, టమోటాలు, పూల తోటల తాలూకా. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక ఊరి ముఖం మారింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వంటి పెద్ద కంపెనీలు వచ్చాయి. వాటికి విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్లు వీధి వీధికీ వెలిశాయి. 2004లో ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి జిల్లా అయ్యాం. 2019లో హొసూరు నగరపాలక సంస్థ అయింది. ఎలక్ట్రానిక్స్, విద్యుత్ వాహనాల ఫ్యాక్టరీలు కూడా జిల్లాలోకి వచ్చాయి.

ఇన్ని ఫ్యాక్టరీల్లోనూ పని మొదలయ్యేది ఒక డ్రాయింగుతోనే. లేతు మీద నిలబడేవాడైనా, వెల్డింగ్ చేసేవాడైనా, తనిఖీ చేసేవాడైనా ముందు చూసేది ఆ కాగితాన్నే. మన పిల్లలు ఈ ఫ్యాక్టరీల గేట్ల లోపలికి పోతూనే ఉన్నారు. కాంట్రాక్టు కూలీగా పోతున్నారా, డ్రాయింగ్ చదవగలిగే పనివాడిగా పోతున్నారా అన్నదే తేడా. జీతం, పర్మనెంటు అయ్యే అవకాశం, నలభై ఏళ్లకు నడుము నొప్పి వచ్చినప్పుడు చేయగలిగే పని, అన్నీ ఆ తేడా మీదే ఆధారపడి ఉంటాయి.

పెన్ను పోయింది, పని పోలేదు

మేము ఉద్యోగం చేసింది ఒక ఇంజనీరింగ్ శాఖ ఆఫీసులో, గుమాస్తాగా. డ్రాయింగులు గీయడం మాకు రాదు గానీ వాటి రిజిస్టరు చాలా ఏళ్లు మా చేతిలోనే ఉండేది. ఆ గదిలో పెద్ద బల్లలు, టీ స్క్వేర్లు, ఇండియన్ ఇంకు పెన్నులు ఉండేవి. డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీసి ఇస్తే, ట్రేసర్ ఇంకుతో ట్రేసింగ్ కాగితం మీద ఎక్కించేవాడు. గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి సరిచేసేవారు. దాని మీద అమ్మోనియా ప్రింటు తీస్తుంటే వచ్చే ఘాటుకు కళ్లు మండేవి.

ఆటోక్యాడ్ 1982లో అమెరికాలో వచ్చింది. మా ఆఫీసుకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అది వచ్చాక ట్రేసర్ పనే లేకుండా పోయింది. ట్రేసర్ చేసేది నకలు తీయడం. నకలును యంత్రం అంతకంటే బాగా తీస్తుంది. డ్రాఫ్ట్స్‌మన్ మాత్రం మిగిలాడు. ఏ గీత ఎందుకు ఉందో ఆయనకు తెలుసు. పెన్ను పోయి మౌసు వచ్చినా ఆ తెలివి అవసరం పోలేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ కూడా గీస్తుంది కదా, ఇంకా ఈ చదువు దేనికని కొందరు యువకులు మా సమావేశంలో అడిగారు. మంచి ప్రశ్నే. మాకు తోచిన జవాబు ఆ పాత గదిలోనే ఉంది. గీసింది గీసినట్టు నకలు తీసే పనికే ముందు ముప్పు వస్తుంది. మూడు నెలల కోర్సులు చాలావరకు నేర్పేది ఆ నకలు పనే. గీతను అర్థం చేసుకొని, తప్పు పట్టుకొని, 'ఈ రంధ్రం ఇక్కడ పెడితే బోల్టు బిగించడానికి స్పానర్ దూరదు' అని చెప్పగలవాడి అవసరం అంత తొందరగా తీరదు.

ఇంటర్వ్యూలో అడిగేది ఏమిటి?

ఆ వెల్డరు కొడుకును మేము కూర్చోబెట్టి అడిగాం. ఇంటర్వ్యూలో అతన్ని ముఖ్యంగా రెండు విషయాలు అడిగారు.

మొదటిది: ఈ డ్రాయింగ్ ఫస్ట్ యాంగిల్‌లో ఉందా, థర్డ్ యాంగిల్‌లో ఉందా? ఒక వస్తువును ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూసినట్టు మూడు బొమ్మలు గీస్తారు. వాటిని కాగితం మీద ఏ చోట పెట్టాలన్నదానికి రెండు పద్ధతులు ఉన్నాయి. మన దేశపు ప్రమాణాలు పాటించేది ఫస్ట్ యాంగిల్. దీపం ముందు బొమ్మ పెడితే వెనక గోడ మీద నీడ పడినట్టు దీన్ని ఊహించుకోవాలి. అందుకే పై నుంచి చూసిన బొమ్మ కిందికి వస్తుంది, కుడి పక్క నుంచి చూసిన బొమ్మ ఎడమకు వస్తుంది. అమెరికా కంపెనీలు వాడేది థర్డ్ యాంగిల్. వస్తువును గాజు పెట్టెలో పెట్టి, చూసింది చూసినట్టు ఆ గాజు మీదే గీసినట్టు ఉంటుంది. పై బొమ్మ పైనే, కుడి బొమ్మ కుడివైపే. హొసూరు యూనిట్లకు రెండు రకాల డ్రాయింగులూ వస్తాయి. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే కుడివైపు ఉండాల్సిన గాడి ఎడమవైపు పడుతుంది. లాటు మొత్తం తుక్కు కింద పోతుంది. ఏ పద్ధతో చెప్పడానికి డ్రాయింగ్ కింది మూలలో, పేరు, నంబరు రాసే గళ్ల దగ్గర, మొన కోసేసిన శంకువు గుర్తు ఒకటి ఉంటుంది. మూడు నెలల్లో ఆ అబ్బాయికి ఆ గుర్తు ఎవరూ చూపించలేదు.

రెండోది: 25 హెచ్7 అంటే ఏమిటి? రంధ్రం కొలత 25 మిల్లీమీటర్లు అని రాస్తే సరిపోదు. సరిగ్గా 25 ఎవరూ చేయలేరు. ఎంత తేడా ఉంటే ఒప్పుకుంటారో చెప్పాలి. 25 హెచ్7 అంటే ఆ రంధ్రం 25.000కు తగ్గకూడదు, 25.021 మిల్లీమీటర్లకు మించకూడదు. తల వెంట్రుక మందం కంటే తక్కువ తేడా అది. షాఫ్టు అందులో వదులుగా తిరగాలా, బిగుతుగా కూర్చోవాలా అన్నది ఈ అంకెలే చెబుతాయి. ఆ అబ్బాయికి 25 మిల్లీమీటర్ల వృత్తం గీయడం వచ్చు. హెచ్7 అంటే అక్షరం, అంకె అనుకున్నాడు.

గుమాస్తాగా మేము మూడోది కూడా కలుపుతాం: రివిజన్ నంబరు. మా ఆఫీసులో ఒకసారి మార్చిన డ్రాయింగు ఉండగా పాతది కాంట్రాక్టరు చేతికి వెళ్లింది. గోడ లేచాక తెలిసింది. కూల్చి మళ్లీ కట్టారు. ఏ డ్రాయింగు ఎన్నోసారి మారింది, ఎవరు మార్చారు, పాత ప్రతి ఎక్కడుంది అన్న లెక్క లేకపోతే ఎంత మంచి గీతైనా నష్టమే తెస్తుంది. కంప్యూటరులో 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఫైనల్ అసలుది' అని ఫైళ్లకు పేర్లు పెట్టే పిల్లలకు ఇది ఎవరైనా చెప్పాలి.

'కమ్యూనిటీ కాలేజీ' బోర్డు వెనక ఏముంది?

మన పిల్లల ముందు ఇప్పుడు ఎన్నో బోర్డులు ఉన్నాయి. అందులో ఎక్కువ తికమక పెట్టేది 'కమ్యూనిటీ కాలేజీ' అన్న పేరు. ఈ ఆలోచన అమెరికాది. అక్కడ రెండేళ్లు తక్కువ ఖర్చుతో ఊరి కాలేజీలో చదివి పనిలో చేరవచ్చు, లేదా ఆ మార్కులు పట్టుకొని పెద్ద విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి పోవచ్చు. మన దేశంలో మొదటి కమ్యూనిటీ కాలేజీ 1995లో పుదుచ్చేరిలో మొదలైంది. యానాం మిత్రులు తమ కేంద్రపాలిత ప్రాంతం గురించి గర్వంగా చెప్పుకోదగ్గ విషయం ఇది. తర్వాత 2013లో యూజీసీ ఒక పథకం తెచ్చింది. స్థానిక పరిశ్రమతో కలిసి కోర్సు నడపాలి, చదివిన దానికి క్రెడిట్లు ఇవ్వాలి, ఆ క్రెడిట్లతో పై చదువుకు దారి ఉండాలి అన్నది దాని సారాంశం.

ఇది కాక పాలిటెక్నిక్‌ల ద్వారా నడిచే కేంద్ర పథకం ఒకటుంది. 1978-79లో కమ్యూనిటీ పాలిటెక్నిక్ అన్న పేరుతో మొదలైంది. ఊరి యువతకు మూడు నుంచి ఆరు నెలల కోర్సులు ఉచితంగా నేర్పడం దాని పని. ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్లకు, చదువు మానేసిన అబ్బాయికి మొదటి అడుగుగా ఇలాంటివి మంచివి. కానీ అది మొదటి అడుగే.

చిక్కు ఎక్కడంటే, 'కమ్యూనిటీ కాలేజీ' అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. విశ్వవిద్యాలయం గుర్తింపుతో నడిచేదీ ఉంటుంది, మేడ మీద రెండు గదుల్లో నడిచేదీ ఉంటుంది. బోర్డు చూసి తేడా తెలియదు. సర్టిఫికెట్ కింద సంతకం ఎవరిది అన్నది చూడాలి.

మా అభిప్రాయంలో పదో తరగతి పాసైన మన పిల్లలకు దగ్గరి దారి, నమ్మదగిన దారి ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు. సివిల్, మెకానికల్ అని రెండు ఉన్నాయి. ఒక్కొక్కటి రెండేళ్లు. దేశమంతటా ఒకే సిలబస్, చివర జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. హొసూరులో చదివినా సోలాపూర్‌లో చదివినా విలువ ఒకటే. మెకానికల్‌లో ముందు చేత్తో గీయిస్తారు. ఫిట్టింగ్, టర్నింగ్, వెల్డింగ్ వంటి పనుల పరిచయం చేయిస్తారు. తర్వాతే కంప్యూటరు మీద రెండు కొలతల డ్రాయింగు, ఆపైన మూడు కొలతల మోడలింగ్. సివిల్‌లో సర్వే, ఇంటి ప్లాను, అంచనాల లెక్క కూడా ఉంటాయి. ఈ వరుసలోనే అసలు సంగతి ఉంది. చేత్తో గీసినవాడికి గీత విలువ తెలుస్తుంది.

అక్కడితో ఆగిపోవాల్సిన పని లేదు. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీలో స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. తమిళనాడులో రెండేళ్ల ఐటీఐ పాసైనవారు పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో ఏడాదికి పోవచ్చు. డిప్లొమా అయ్యాక ఇంజనీరింగ్ డిగ్రీలోనూ నేరుగా రెండో ఏడాదికి దారి ఉంది. మూడు నెలల సర్టిఫికెట్టు ఈ మెట్లలో దేన్నీ ఎక్కించదు.

రెండేళ్లు ఎలా గడుస్తుంది అన్నది పేద ఇంట్లో న్యాయమైన ప్రశ్న. దీనికి లెక్క చెప్పాలి. తమిళనాడు ప్రభుత్వ ఐటీఐలో నెలకు 750 రూపాయల స్టైపెండు, ఉచిత బస్ పాస్, సైకిలు, యూనిఫాం, పుస్తకాలు, డ్రాయింగ్ పరికరాలు ఇస్తారు. ప్రభుత్వ బడుల్లో చదివి పైకి పోయే ఆడపిల్లలకు 2022 నుంచి పుదుమై పెణ్, అబ్బాయిలకు 2024 నుంచి తమిళ్ పుదల్వన్ పథకాల కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. ఐటీఐ చదువుకూ ఇవి వర్తిస్తాయి. కుదువ పెట్టిన గొలుసు ఇంట్లోనే ఉండేది, వెయ్యి రూపాయలు నెల నెలా చేతికి వచ్చేది.

డబ్బు వస్తోంది, మన పల్లెలకు చేరుతుందా?

ఐటీఐలంటే పాత యంత్రాలు, పాడైన కంప్యూటర్లు అన్న మాట నిన్నటి దాకా చాలా చోట్ల నిజమే. ఇప్పుడు మార్పు మొదలైంది. తమిళనాడు ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,877 కోట్ల రూపాయల పథకంతో 71 ప్రభుత్వ ఐటీఐలను కొత్త సాంకేతిక కేంద్రాలుగా మార్చింది. కేంద్ర మంత్రివర్గం 2025 మేలో దేశంలోని 1,000 ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణకు అయిదేళ్లలో 60,000 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. 2025 అక్టోబరు 4న పీఎం-సేతు పేరుతో అది మొదలైంది. ఇందులో 200 ఐటీఐలు కేంద్రాలుగా, 800 వాటి చుట్టూ అనుబంధంగా పనిచేస్తాయి. ఖర్చులో కేంద్రం 30,000 కోట్లు, రాష్ట్రాలు 20,000 కోట్లు, పరిశ్రమలు 10,000 కోట్లు పెట్టుకోవాలి.

పరిశ్రమ డబ్బు పెడితే కోర్సులు ఫ్యాక్టరీ అవసరానికి దగ్గరవుతాయి. అది మంచిదే. కానీ ఫ్యాక్టరీకి ఈ ఏడాది అవసరమైన సాఫ్ట్‌వేర్ వేరు, పిల్లవాడికి ముప్పై ఏళ్లు అవసరమయ్యే విద్య వేరు. కొత్త యంత్రాల ముచ్చటలో చేతి డ్రాయింగ్ గంటలు తగ్గిపోకుండా చూడమని అడిగే గొంతు ఒకటి ఉండాలి. ఇంకో సంగతి. వేపనపల్లి వైపు నుంచి, తళి కొండల నుంచి వచ్చే పిల్లకు కేంద్రం ఎంత గొప్పదన్నది రెండో ప్రశ్న. పొద్దున బస్సు ఎన్ని గంటలకు, సాయంత్రం ఇంటికి ఎన్ని గంటలకు అన్నది మొదటి ప్రశ్న. కొత్త కేంద్రాల జాబితా వచ్చినప్పుడల్లా మన సంఘాలు బస్సు వేళలతో సహా అర్జీ పెట్టాలి. సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లు అర్జీలు అందుకున్నవాళ్లుగా చెబుతున్నాం: అంకెలున్న అర్జీకి జవాబు వస్తుంది, ఆవేదన మాత్రమే ఉన్న అర్జీ ఫైలులో ఉంటుంది.

భాష సంగతి

మన పోర్టల్‌లో భాష గురించి రాయకుండా ఏ వ్యాసమూ ముగియదు. ఇక్కడ నిజంగానే దాని అవసరం ఉంది.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన గురించి చెబుతుంది. ఐటీఐ, పాలిటెక్నిక్‌ల గురించి చెప్పదు. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి పైకి జరుగుతూ, 2015-16లో పదో తరగతిని చేరింది. దాని మీద మన పోరాటాలు మనకు తెలుసు. వాటిని తక్కువ చేయడం లేదు. కానీ సర్కారు డ్రాఫ్టింగ్ ఉద్యోగం కోరే మన పిల్లవాడికి ఒక వాస్తవం చెప్పాలి. 2021 డిసెంబరు ఉత్తర్వు తర్వాత టీఎన్‌పీఎస్‌సీ పరీక్షల్లో తమిళ అర్హత పేపరులో 40 శాతం రాకపోతే మిగతా జవాబులు దిద్దరు. కాబట్టి ఇంట్లో తెలుగు, పరీక్షకు తమిళం, డ్రాయింగ్ మీది మాటలకు ఇంగ్లీషు. మూడూ కావాలి. మొరసునాడులో మూడు భాషలు మాట్లాడని తాతలు ఎవరున్నారు?

పథకాల్లో కూడా భాషకు సంబంధించిన ఒక సన్నని గీత ఉంది. నెలకు 1,000 రూపాయల సాయాన్ని ఎయిడెడ్ బడులకు విస్తరించినప్పుడు, అక్కడ తమిళ మాధ్యమంలో చదివినవారికి అన్న షరతు పెట్టారు. ప్రభుత్వ బడిలో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు ఇబ్బంది లేదు. ఎయిడెడ్ బడిలో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల సంగతేమిటి? ఇద్దరూ పేద ఇంటి పిల్లలే. భాషా అల్పసంఖ్యాకుల మాధ్యమాలను కూడా ఆ షరతులో చేర్చాలని మేము జిల్లా అధికారులకు అర్జీ పెడుతున్నాం. రాష్ట్రంలోని తక్కిన తెలుగు సంఘాలు, కన్నడ, ఉర్దూ, మలయాళ మిత్రులు కూడా పెడితే బరువు పెరుగుతుంది.

ఇక తరగతి గదిలో భాష. ఒక వస్తువును కళ్లు మూసుకొని మనసులో తిప్పి చూడడమే డ్రాయింగ్‌లో కష్టమైన పని. ఆ పని మనిషి తన సొంత భాషలోనే చేస్తాడని మా అనుభవం. 'సెక్షన్ వ్యూ' అని బోర్డు మీద రాస్తే తలూపే పిల్ల, 'టెంకాయ పగలగొడితే లోపల పెంకు ఎంత మందం, కొబ్బరి ఎంత మందం, ఖాళీ ఎంత అని కనపడుతుంది కదా, అలా యంత్రం భాగాన్ని కోసి చూపించడం' అంటే నవ్వి, పెన్సిలు తీసుకుంటుంది. పుస్తకాలు లేవనే సాకు కూడా ఇప్పుడు తగ్గింది. ఏఐసీటీఈ ఇంజనీరింగ్ మొదటి ఏడాది పుస్తకాలను, డిప్లొమా పుస్తకాలను తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో ఇ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా పెట్టింది. ఐటీఐ పుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ నిమి మన చెన్నై గిండీలోనే ఉంది.

మేము ఏం నిర్ణయించాం?

రెండు సమావేశాలు జరిగాయి. మాటలు పెరిగాయి కూడా. పది కంప్యూటర్లు కొని గోడ మీద దాత పేరు రాయిస్తే పని కళ్లకు కనపడుతుందని కొందరు అన్నారు. అది అబద్ధం కాదు. కానీ నాలుగేళ్లకు ఆ కంప్యూటర్లు పాతవవుతాయి. నేర్పేవాడికి జీతం ఎక్కడి నుంచి? సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? మేము సంతకం చేస్తే దానికి విలువ లేదు. ఇంకోసారి మా పేరు చూసి ఎవరూ గొలుసు కుదువ పెట్టకూడదు.

చివరకు దాతను కలిసి మూడు పనులు ప్రతిపాదించాం. ఒకటి, పదో తరగతి పరీక్షలు అయ్యాక వేసవిలో ఆరు వారాలు సంఘ భవనంలో డ్రాయింగ్ చదివే తరగతి, తెలుగులో. కంప్యూటరు లేకుండా, కాగితం, పెన్సిలు, స్కేలు, మట్టితో చేసిన నమూనాలు, టెంకాయలతో. ఫ్యాక్టరీల నుంచి రిటైరైన మన తెలుగు మెషినిస్టులు ఇద్దరు నేర్పడానికి ఒప్పుకున్నారు. రెండు, ఐటీఐ దరఖాస్తుల వేళ ఒక బల్ల వేసి పల్లె పిల్లల ఫారాలు మేమే నింపిస్తాం. గుమాస్తాకు వచ్చిన పని అదే కదా. మూడు, డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడులో రెండో ఏడాదికి వచ్చిన పిల్లలకు మాత్రం రెండు మంచి కంప్యూటర్లు, సాయంత్రం వేళ సాధనకు. విద్యార్థులకు ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తుంది, ఏటా పునరుద్ధరించుకోవాలి. ఫ్రీక్యాడ్, లిబ్రెక్యాడ్ ఎవరికైనా ఉచితమే. దాత కొంచెం ఆలోచించి, "పది కాదు, రెండే చాలంటారా?" అని నవ్వి ఒప్పుకున్నారు.

ప్రైవేటు కేంద్రాలన్నీ మోసమని మేము అనడం లేదు. ఐటీఐ, డిప్లొమా చదివినవాడు ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కోసం రెండు నెలలు అక్కడ చేరితే లాభమే. పునాది ఉన్నవాడికి అది పై అంతస్తు. పునాది లేనివాడికి అదే మొత్తం ఇల్లని అమ్మడం తప్పు. చేరే ముందు తల్లిదండ్రులు అయిదు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? దానితో పై చదువుకు పోవచ్చా? చేత్తో గీయడం ఎన్ని గంటలు? పోయిన ఏడాది చదివినవారిలో ఇద్దరితో మాట్లాడనిస్తారా? ఫీజు వాయిదాల్లో కట్టవచ్చా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు? కాగితం మీద జవాబు రాసి ఇవ్వనివారికి డబ్బు కాగితాలు ఇవ్వకండి.

తక్కిన ఊళ్ల తెలుగువారు తమ ఊరి పనిని బట్టి ఈ లెక్క వేసుకోవాలి. సోలాపూర్‌లో మన నేతవారి దుప్పట్లు, టవళ్ల మీది జకార్డు డిజైన్ ఒకప్పుడు గళ్ల కాగితం మీద గీసి అట్టలకు చిల్లులు పొడిచేవారు. ఇప్పుడు అదీ క్యాడ్ మీదికి వచ్చింది. మగ్గం తెలిసిన ఇంటి పిల్లకు ఆ డిజైన్ సగం ముందే వచ్చు. బళ్లారిలో జీన్సు ప్యాటర్న్, రాయగడలో కాగితం మిల్లు పైపింగ్. పని మారుతుంది గానీ సూత్రం ఒకటే. ముందు చేతిపని తెలియాలి, ఆపైన డ్రాయింగు, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్.

ఆ వెల్డరు కొడుకు వయసు ఇప్పుడు ఇరవై ఒకటి. ఐటీఐలో చేరడానికి వయసు దాటలేదని చెప్పి, దరఖాస్తుకు కావలసిన కాగితాల పట్టీ రాసి ఇచ్చాం. చేరతాడో లేదో ఇంకా చెప్పలేదు. రెండేళ్లు సంపాదన పోతుందని ఇంట్లో మాట నడుస్తోంది. వేసవి తరగతిలో మొదటి బల్ల అతనికే ఉంచాం. పాత కరపత్రం ఒకటి మా బీరువాలో ఉంది. పారేయలేదు. కొత్తగా ఎవరైనా సంఘం పేరు అడగడానికి వచ్చినప్పుడు, ముందు దాన్ని తీసి బల్ల మీద పెడుతున్నాం.